చతురంగ గృహముల మహాసంఖ్య

మేము తెలుగు పాఠము చెప్పువారము. గణితమును గూర్చి వ్రాయుటకు మాకేమి అధికారమని గణితశాఖ మిత్రులు అడుగవచ్చును. అయినను ఈ వ్యాసమునకు మూలమైన సంఖ్య మాకు ఒక తెలుగు పద్యమున దొరకినది. కనుక దానిపై మాకును కొంత హక్కు కలదు. మన కళాశాలలో ఉర్దూ మాధ్యమమున చదువువారు కొందరు, తెలుగు మాధ్యమమున చదువువారు కొందరు. ఇరువురును ఒక్క విషయమున మాత్రము ఏకాభిప్రాయము కలవారు: గణితమనిన భయము. ఇంటర్మీడియెటు తరువాత ఆ శాస్త్రమును విడిచి ఊరట చెందువారిని ఏటేట చూచుచున్నాము. అట్టివారు కాగితము, కలము తప్ప మరేమియు లేకుండ పరిశీలింపదగిన సంఖ్య నొకదానిని ఇందు వివరింప దలచితిమి.

ఆ సంఖ్య ఇది: 18446744073709551615. ఇరువది అంకెలు. మన లెక్కలో లక్షా ఎనుబదినాలుగువేల నాలుగువందల అరువదియేడు కోట్లకోట్లకు పైమాట. చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు గడి గడికిని రెట్టింపు చేయుచు అరువదినాలుగు గడులను నింపినచో మొత్తము అగు గింజలివి.

నాదెండ్ల పేరు తెలుగు సాహిత్యమునకు క్రొత్తది కాదు. మాదయగారి మల్లన రాజశేఖర చరిత్రమును అంకితము గొన్నవాడు నాదెండ్ల అప్పామాత్యుడు. 1515లో కృష్ణదేవరాయలు కొండవీటిని జయించిన పిమ్మట దానిని పాలించిన గోపమంత్రియు నాదెండ్లవాడే. కాని మాకిప్పుడు కావలసిన మల్లన వేరు. ఆయన పావులూరి మల్లన. 850 ప్రాంతమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలములో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసార సంగ్రహమును తెనిగించినవాడు. రాజరాజ నరేంద్రుని కాలపువాడని సాహిత్య చరిత్రకారులు పలువురు భావించిరి. తరువాతి తరమువాడని వాదించినవారును కలరు. ఎట్లయినను తెలుగులో శాస్త్రగ్రంథ రచనకు తొలి మెట్టు వేసినవారిలో ఆయన యొకడు. ఆయన పేర ప్రచారములో నున్న చంపకమాల యొకటి ఈ ఇరువది అంకెలను తప్పిపోకుండ చెప్పుచున్నది.

పద్యములో అంకెలు చెప్పుట ఎట్లు? పూర్వులు అంకెకు బదులు లోకములో ఆ లెక్కకు ప్రసిద్ధమైన వస్తువు పేరు చెప్పుదురు. చంద్రుడు ఒక్కడే గనుక చంద్ర వాచకము ఒకటి. అగ్నులు మూడు. వేదములు నాలుగు. మన్మథుని బాణములు ఐదు. తర్కములు ఆరు. కులపర్వతములు ఏడు. దిగ్గజములు ఎనిమిది. ఆకాశము శూన్యము గనుక సున్న. దీనిని భూతసంఖ్యా పద్ధతి యందురు. ఇందులో కవికి గల సౌలభ్యము గొప్పది. చంద్రునికి నూరు పేర్లు కలవు. గణము ఎచ్చట ఏది కావలెనో అచ్చట ఆ పేరు వేసికొనవచ్చును. మన సంఖ్యలో ఏడు అంకె మూడు చోట్ల వచ్చును. మూడు చోట్లను కవి మూడు వేర్వేరు పర్వత వాచకములు వాడెను. ఒకటి మూడు చోట్ల రాగా మూడు చంద్ర వాచకములు వాడెను. నాలుగు అంకె నాలుగు చోట్ల వచ్చును. రెండుమారులు సముద్రమును, ఒకమారు వేదమును, ఒకమారు బ్రహ్మదేవుని ముఖములను ఆశ్రయించెను. విచిత్రమేమనగా, కేవలము రెట్టింపు చేయుటవలన పుట్టిన ఈ సంఖ్యలో రెండు అంకె ఒక్కచోటను లేదు.

పద్యమును చదువు క్రమము మన ఉర్దూ విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. భూతసంఖ్యలలో మొదట ఒకట్ల స్థానము చెప్పి, పిమ్మట పదులు, వందలు, ఇట్లు కుడినుండి ఎడమకు నడుతురు. కావున పద్యములో మొదటి మాట కడపటి అంకె యగుచున్నది. తెలుగు విద్యార్థి ఈ పద్యమును అంకెలలోనికి మార్చునపుడు ఎదురు నడక నడవవలెను. ఉర్దూ పుటపై కుడినుండి ఎడమకు చూపు సారించువానికి ఐదు, ఒకటి, ఆరు, ఒకటి, ఐదు అని పద్యములోని వరుసయే కంటికి ఎదురగును. అంకెలను వ్రాయునపుడు ఉర్దూవారును ఎడమనుండియే వ్రాయుదురనుట నిజమే. అయినను పుటపై వాని అమరిక ఇట్టిది.

ఉర్దూ, పారశీకములలో తారీఖులు కట్టుటకు వాడు అబ్జదు లెక్కయు ఇట్టిదే కదా యని అడుగవచ్చును. కాదు. అబ్జదులో అలిఫునకు ఒకటి మొదలు గైనునకు వెయ్యి వరకు అక్షరములకు విలువలు కలవు. ఇరువది యెనిమిది అక్షరముల విలువలను ఒక్కసారి కూడినచో 5995 వచ్చును. అది కూడిక పద్ధతి. అక్షరము ఎచ్చట నున్నను దాని విలువ మారదు. ఒక సంవత్సరమును చెప్పుటకు అది చక్కగా సరిపోవును. కాని మన మహాసంఖ్యను అబ్జదులో చెప్పవలెనన్నచో, అన్నియు గైనులే వ్రాసినను, కోటికోట్లకు మించిన అక్షరములు కావలెను. మల్లనకు ఇరువది మాటలు చాలినవి. స్థానమునుబట్టి విలువ మారు పద్ధతికి గల బలమంతయు ఇచ్చటనే యున్నది. ఆ పద్ధతిని అరబ్బులు గ్రహించి తమ గ్రంథములలో హిందీ అంకెలని పేర్కొనిరి. యూరపువారు వారినుండి నేర్చి అరబ్బీ అంకెలనిరి.

ఇచ్చట నొక వివాదమును తాకవలసి వచ్చుచున్నది. ఈ లెక్క ఎవరిది? మన పూర్వులే దీనిని కనుగొనిరని సభలలో చప్పట్లు కొట్టించుకొనువారు కలరు. అంతయు పడమటినుండి వచ్చినదే యని పెదవి విరుచువారును కలరు. ఇరువురును పుస్తకము తెరువరు. అబూ రైహాన్ అల్ బిరూనీ 1000 ప్రాంతమున రచించిన ఆసారుల్ బాఖియా అను గ్రంథములో ఈ మొత్తమును సరిగా గణించి, గణించు విధమును వివరించెను. అంతకు ముందు తొమ్మిదవ శతాబ్దిలోనే యాఖూబీ ఈ కథను చెప్పెను. కావున మల్లనయే మొదట కనుగొనెననుట నిలువదు. కాని ఆయన అరబ్బుల పుస్తకమునుండి తెచ్చుకొనెననుటకును ఆధారము లేదు. రెట్టింపు శ్రేఢిని కూడు సూత్రము ఆయన తెనిగించిన మహావీరుని గ్రంథములోనే కలదు. ఆ అల్ బిరూనీయే 1030 ప్రాంతమున రచించిన కితాబుల్ హిందులో మన భూతసంఖ్యలకు ఒక అధ్యాయములో పట్టిక యిచ్చి, ఏ మాటకు ఏ అంకెయో అరబ్బీ పాఠకులకు బోధించెను. సంస్కృతము నేర్చి వ్రాసిన ఆ పండితునికిని, తెలుగు పద్యములో లెక్క కూర్చిన మన కవికిని మధ్య గోడ కట్టుట మాకు సమ్మతము కాదు.

ఇబ్ను ఖల్లికాను అను చరిత్రకారుడు పదమూడవ శతాబ్దిలో, చదరంగమున మేటియైన అస్సూలీ జీవితమును వ్రాయుచు ఈ కథను ఉదాహరించెను. మొదట తానును ఆ మొత్తమును నమ్మలేదట. అలెగ్జాండ్రియాకు చెందిన గణకు డొకడు లెక్క చూపి నమ్మించెను. ఆ గణకుని నేర్పు చూడుడు. పదునారవ గడి వచ్చుసరికి గింజలు 32768. అన్ని గింజలు ఒక కదహు అను కొలతకు సరిపోయెను. అచ్చటినుండి గింజలు విడిచి కదహులు లెక్కించెను. పిమ్మట కదహులు విడిచి అంతకంటె పెద్ద కొలతలు, వానిని విడిచి గాదెలు. ఏబదియవ గడికి 1024 గాదెలు కాగా దానిని ఒక పట్టణమనుకొనెను. అరువదినాలుగవ గడికి 16384 పట్టణములు. ఇంతకన్న ఎక్కువ పట్టణములు లోకమున లేవు కదా యని ముగించెను.

ఈ విధము మన పల్లెవారికి అపరిచితము కాదు. మన పాత కొలతలను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. రెండు గిద్దలు ఒక అరసోల. రెండు అరసోలలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచము. ఆరు రెట్టింపులు. కుంచమునకు అరువదినాలుగు గిద్దలు. గిద్ద మొదలు అడ్డ వరకు గల ఆరు పాత్రలు ఒక్కొక్కటి చొప్పున ఇంటనున్నచో, ఒక గిద్ద మొదలు అరువదిమూడు గిద్దల వరకు ఏ పరిమాణమునైనను, ఏ పాత్రను రెండవసారి ముంచకుండ కొలిచి పోయవచ్చును. ఉదాహరణకు నలుబదిమూడు గిద్దలు కావలెనన్నచో అడ్డ ముప్పదిరెండు, తవ్వ ఎనిమిది, అరసోల రెండు, గిద్ద ఒకటి. వేరొక విధముగా కొలుచుటకు వీలు లేదు. ప్రతి పరిమాణమునకు ఒకే కూర్పు. ఆరు పాత్రలను ఒక్కసారి ముంచిన అరువదిమూడు. కుంచమునకు ఒక గిద్ద తక్కువ.

ఇట్టి పాత్రలు ఆరు కాక అరువదినాలుగు ఉన్నవనుకొనుడు. అన్నిటిని ముంచినచో వచ్చునదే మల్లన సంఖ్య. నేటి గణనయంత్రములు చేయునది ఇదియే. ముంచిన పాత్రకు ఒకటి, ముంచని పాత్రకు సున్న. అరువదినాలుగు స్థానములు గల యంత్రము, రుణసంఖ్యలను విడిచిపెట్టినచో, ఒక్క గడిలో దాచుకొనగల మిక్కిలి పెద్ద సంఖ్య 18446744073709551615. అన్ని స్థానములలో ఒకట్లే.

ఛందస్సు చదివినవారికి ఇది మరియొక రూపమున కనిపించును. గురువు, లఘువు అను రెండింటి కూర్పే పద్యపాదము. ఇరువది అక్షరముల పాదములు 1048576 విధములుగా కలుగును. వానిలో ఉత్పలమాల 355799వది. ఈ సంఖ్యను ఎట్లు తెలిసికొందురు? మొదటి అక్షరముపై ఒకటి, రెండవదానిపై రెండు, మూడవదానిపై నాలుగు, ఇట్లు రెట్టింపులు వేసి, లఘువులపై నున్న వానిని కూడి, ఒకటి చేర్చవలెను. విద్యార్థులు చేసి చూడుడు. చంపకమాలకు అటులే 711600 వచ్చును. ఛందస్సులోని ఉద్దిష్టము, చదరంగపు పలక, గిద్ద మానికలు, గణనయంత్రము నాలుగును ఒకే లెక్క. అరువదినాలుగు అక్షరముల పాదములన్నింటిని వ్రాసి, అందు అన్నియు గురువులైన ఒక్క పాదమును తీసివేసిన మిగిలినవి మన మహాసంఖ్యకు సరి.

సంఖ్యను గణించుటకు అరువదిమూడు పర్యాయములు రెట్టింపు చేయనక్కర లేదు. రెండును రెండుతో గుణించిన నాలుగు. నాలుగును నాలుగుతో గుణించిన పదునారు. తరువాత 256. తరువాత 65536. తరువాత 4294967296. దానిని దానితోనే గుణించిన 18446744073709551616. వర్గము చేయుట ఆరుమారులే. అందుండి ఒకటి తీసివేయవలెను. ఎందులకనగా, పలకపై గింజలకు బయటినుండి ఒక గింజ అప్పు తెచ్చి చేర్చుడు. ఒకటియు ఒకటియు రెండు. అది రెండవ గడితో కలిసి నాలుగు. అది మూడవ గడితో కలిసి ఎనిమిది. ఇట్లు ప్రాకి ప్రాకి పలక దాటి అరువదియైదవ గడిలో ఉండవలసినంత యగును. అప్పు తీర్చినచో మొత్తము తేలును.

ఎంత పెద్దదని అడుగుదురు. మన పొలములనే తీసికొందము. వెయ్యి వడ్లగింజలు ఇరువది గ్రాములు తూగుననుకొన్నచో డెబ్బదియైదు కిలోల బస్తాకు ముప్పదియేడు లక్షల యేబదివేల గింజలు. ఇరువదిరెండు గడులు నిండిన గాని ఒక బస్తా నిండదు. ముప్పదిరెండు గడులు, అనగా సగము పలక నిండుసరికి సుమారు 1145 బస్తాలు. ఎకరమునకు ముప్పది బస్తాల చొప్పున ముప్పదియెనిమిది యెకరముల పంట. నాదెండ్ల ప్రాంతమున ఒక పెద్దరైతు ఇది విని భయపడడు. రాజు సమ్మతించినది ఇచ్చటనే. కాని ముప్పదిమూడవ గడి ఒక్కటియే అంతవరకు పోసినదానినంతటిని మించును, ఒక్క గింజ ఎక్కువగా. పలక ముగియుసరికి సుమారు 4,91,900 కోట్ల బస్తాలు. అందులకు 16,400 కోట్ల యెకరములు కావలెను. పర్వతములు, ఎడారులు, మంచునేలలు అన్నియు కలిపి భూమిపై నున్న నేల 3,680 కోట్ల యెకరములు మాత్రమే. నేల యంతయు మాగాణి చేసినను నాలుగున్నర పంటలు కావలెను. ఒక సెకనుకు ఒకటి చొప్పున లెక్కించువానికి సుమారు 58,450 కోట్ల సంవత్సరములు పట్టును. విశ్వము వయస్సు 1,380 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

పెద్దదనుటతో ముగిసినచో అది వింత మాత్రమే. సంఖ్య లోపలి నిర్మాణము అంతకంటె రమ్యము. సగము పలక మొత్తము 4294967295. దానికి రెండు కలిపిన 4294967297. ఈ రెండింటిని గుణించినదే మహాసంఖ్య. మొదటిదానిని మరల అటులే విడదీయవచ్చును. కడకు మిగులునవి 3, 5, 17, 257, 65537. ఈ అయిదును అభాజ్యములు. ప్రతిదియు రెండు, నాలుగు, పదునారు, 256, 65536 అను వర్గముల వరుసకు ఒకటి చేర్చగా వచ్చినదే. ఫ్రాన్సు దేశీయుడు ఫెర్మా ఈ వరుసను చూచి, ఇట్టి సంఖ్యలన్నియు అభాజ్యములే కావచ్చునని 1640లో వ్రాసెను. తరువాతిది 4294967297. దానిని విభజింపగల సంఖ్య తొంబది సంవత్సరములకు పైగా ఎవరికిని దొరకలేదు. 1732లో ఆయిలరు అది 641, 6700417ల లబ్ధమని చూపెను.

641 విభజించునని భాగహారము చేయకుండనే తెలిసికొనవచ్చును. 641ను రెండు విధములుగా వ్రాయుడు: 5 × 128 + 1 అనియు, 625 + 16 అనియు. 128 అనగా 2 యొక్క 7వ ఘాతము. మొదటి రూపమునుబట్టి 5 × 128కి 641తో ఒకటి తక్కువ, అనగా శేషము రుణ ఒకటి. దానిని నాలుగుమారులు గుణించిన శేషము ధన ఒకటి యగును. అట్లు గుణించినపుడు వచ్చునది 625ను 2 యొక్క 28వ ఘాతముతో గుణించిన ఫలము. రెండవ రూపమునుబట్టి 625 శేషము రుణ పదునారు. పదునారు 2 యొక్క 4వ ఘాతము. కావున 2 యొక్క 32వ ఘాతమునకు రుణచిహ్నము పెట్టిన శేషము ఒకటి. అనగా ఆ ఘాతమునకు ఒకటి కలిపినచో 641 నిశ్శేషముగా విభజించును. ఇంతకన్న ముచ్చటైన ఉపపత్తి పాఠ్యపుస్తకములలో మాకు తారసపడలేదు.

ఇప్పుడు మహాసంఖ్య యొక్క అభాజ్య గుణకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదియు రెండుమారులు రాదు. ఒక్కొక్కదానిని తీసికొనవచ్చును, మానవచ్చును. కనుక భాజకములు రెండు యొక్క ఏడవ ఘాతము, 128. రెట్టింపు ఇచ్చటను వెంటాడినది. సగము పలక సంఖ్యకు భాజకములు 32. అందు ఒకటిని విడిచిన మిగిలిన 31కి ఒక మహిమ కలదు. 1796లో పందొమ్మిదేండ్లైనను నిండని గౌసు పదునేడు భుజముల సమబహుభుజిని స్కేలు, వృత్తలేఖిని మాత్రముతో గీయవచ్చునని కనుగొనెను. ఆ మార్గమున నడువగా, బేసి భుజములు కలిగి అట్లు గీయదగిన సమబహుభుజులు నేటికి తెలిసినవి 31 మాత్రమే. వాని భుజముల సంఖ్యలు ఈ 31 భాజకములే. 65537 తరువాత ఫెర్మా వరుసలో మరియొక అభాజ్యము నేటివరకు కనబడలేదు.

తెలుగువారమైన మాకు మిగిలినది పాఠశోధన. తాళపత్రములు వ్రాసిన లేఖకులకు లెక్క రావలెనను నియమము లేదు. పద్యములో ఒక మాట మారినను యతి, గణము చెడకపోవచ్చును, సంఖ్య మాత్రము చెడును. ఈ పద్యములో తొమ్మిదికి కవి వాడిన మాట రంధ్రము. శరీరమునకు నవరంధ్రములు గనుక తొమ్మిది. కాని కోశములలో రంధ్రమునకు సున్న యను అర్థమును కలదు. ఏది గ్రాహ్యము? అంకెలను కూడి తొమ్మిదితో భాగించి చూచు పాత పరీక్షను తీసికొనుడు. అంకెల మొత్తము 87, శేషము 6. రెండు యొక్క ఘాతములను తొమ్మిదితో భాగించిన శేషములు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికొకసారి తిరిగివచ్చును. అరువదినాలుగవది నాలుగవదానివంటిది, 7. ఒకటి తీసివేయగా 6. సరిపోయినది. కాని తొమ్మిదికి బదులు సున్న వ్రాసినను ఈ పరీక్ష సరిపోవుననియే చెప్పును. ఇక్కడ తొమ్మిదుల పరీక్ష గ్రుడ్డిది.

అప్పుడు పదునొకండుతో చూడవలెను. కుడినుండి ఒకటి విడిచి ఒకటి చొప్పున అంకెలు కూడిన 62, విడిచినవి కూడిన 25, భేదము 37, శేషము 4. రెండు యొక్క ఘాతముల శేషములు పదునొకండుతో పదింటికొకసారి తిరుగును. నాలుగవది 5. ఒకటి తీసివేయగా 4. సరి. రంధ్రమును సున్నగా గ్రహించినచో 62 స్థానమున 53 వచ్చి, భేదము 28, శేషము 6 అగును. సరిపోదు. కావున ఆ పద్యములో రంధ్రము తొమ్మిదియే. ప్రక్కప్రక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనను తొమ్మిదుల పరీక్ష పట్టుకొనలేదు, పదునొకండు పరీక్ష పట్టుకొనును. ఎందువలననో విద్యార్థులు ఆలోచింపుడు. మల్లన పద్యమును సంపాదించి, మాటలను అంకెలుగా మార్చి, రెండు పరీక్షలను చేసి తెచ్చిన విద్యార్థి తెలుగు మాధ్యమమువాడైనను, ఉర్దూ మాధ్యమమువాడైనను, మా తరగతిలో ఆ పద్యమును నల్లబల్లపై తానే వివరింపవచ్చును.